మూడు తరాలకే పరిమితమైన తిక్కన వంశచరిత్ర

నెల్లూరు: ఆంధ్ర మహాభారతంలో పదిహేను పర్వాలను రచించిన కవిబ్రహ్మ తిక్కన సోమయాజి పేరు తెలియని వారు సింహపురి సీమలో ఉండరు. అయితే ఆయన పూర్వులెవరు, సంతతి ఏమైందని ఆరా తీస్తే ఆధారాలు మూడు తరాలకే పరిమితమవుతున్నాయి. ఆ మాత్రం వివరమైనా కావ్యాల అవతారికల్లో నిలిచి ఉండడం వల్లనే మనకు దక్కింది.

అవతారికలే ఆధారం

విరాటపర్వం ఆరంభంలో తిక్కన తన తండ్రి కొమ్మన దండనాథుడు కలలో కనిపించినట్లు వర్ణించారు. గౌతమ గోత్రం, తాత మంత్రి భాస్కరుడు, తల్లి అన్నమాంబ, పెదతండ్రులు కేతన, మల్లన, సిద్ధన అనే వివరాలు ఆ సందర్భంలోనే వస్తాయి. తిక్కనకు దశకుమారచరిత్రను అంకితమిచ్చిన కేతన కవి సైతం ఈ వంశాన్ని వర్ణించారు. మంత్రి భాస్కరునికి పూర్వపు తరాలు మాత్రం చీకటిలోనే ఉన్నాయి.

జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి సేకరించి 1905లో మూడు సంపుటాలుగా ప్రచురించారు. శాసనాల్లో ప్రధానంగా కనిపించేది రాజుల బిరుదులు, ఆలయాలకిచ్చిన దానాలే. మంత్రుల ఇంటి చరిత్రకు వాటిలో చోటు తక్కువ.

గుంటూరా? నెల్లూరా?

తిక్కన తన తండ్రిని గుంటూరి విభునిగా పేర్కొన్నారు. కోవూరు మండలం పాటూరు ఆయన స్వగ్రామమని ఈ ప్రాంతంలో ప్రతీతి. గుంటూరు అధికారం నెరపిన కుటుంబం పెన్నా తీరానికి ఎప్పుడు, ఏ కారణంగా చేరిందో అవతారికలు చెప్పవు. ఇంటిపేరు కొట్టరువు. ఆ మాటకు ధాన్యాగారమని అర్థం ఉన్నందున, పూర్వులు నిర్వహించిన కొలువును బట్టి ఆ పేరు వచ్చి ఉండవచ్చు.

ఒకే పేరు.. ఇద్దరు ముగ్గురు

పేర్ల పునరుక్తి మరో చిక్కు. పెదతండ్రి కేతన వేరు, కవి కేతన వేరు. సిద్ధన కుమారుడు ఖడ్గ తిక్కన. పుల్లరి వివాదంలో కాటమరాజుతో పోరాడి పాలేటి ఒడ్డున నేలకొరిగిన వీరుడు ఆయనే. నెల్లూరు ప్రభువు మనుమసిద్ధి తండ్రి పేరు తిక్కరాజు. ఆ రాజే తమిళ శాసనాల్లో తిరుక్కాళత్తిదేవునిగా కనిపిస్తారు. పేరును మాత్రమే పట్టుకుని వంశవృక్షం గీస్తే ఒకరి చరిత్ర మరొకరికి అంటుకుంటుంది.

బంధుత్వ పదాలనూ జాగ్రత్తగా చూడాలి. మనుమసిద్ధి తనను మామా అని పిలిచేవాడని, ఆ వరుసకు తగినట్లు కావ్యకన్యకను తనకిమ్మని కోరాడని నిర్వచనోత్తర రామాయణ అవతారికలో ఉంది. అది చనువుతో కూడిన గౌరవమే తప్ప రక్తసంబంధానికి రుజువు కాదు.

రాజ్యం పోయినా నిలిచిన భారతం

జ్ఞాతుల చేతిలో రాజ్యం కోల్పోయిన మనుమసిద్ధి కోసం తిక్కన ఓరుగల్లు వెళ్లి కాకతి గణపతిదేవుని సాయం కోరారని కాసె సర్వప్ప సిద్ధేశ్వర చరిత్ర చెబుతోంది. ఆ గ్రంథం తిక్కన కాలానికి చాలా తర్వాతిది. మనుమసిద్ధి తిరిగి గద్దెనెక్కినా, పాండ్యులతో జరిగిన ముత్తుకూరు యుద్ధంలో 1263 ప్రాంతంలో మరణించాడని చరిత్రకారులు భావిస్తున్నారు. విజేత జటావర్మ సుందర పాండ్యుడు నెల్లూరులోనే వీరాభిషేకం జరుపుకున్నాడు. తొలి కావ్యాన్ని రాజుకు అంకితమిచ్చిన తిక్కన, భారతాన్ని హరిహరనాథునికి సమర్పించారు.

ఇంటిపేరో గోత్రమో కలిసినంత మాత్రాన నేడు ఎవరూ ఆయన వారసులని తేల్చలేం. ఏడు శతాబ్దాల కాలాన్ని తరం తరువాత తరంగా కలిపే పత్రాలు కావాలి. పాత కరణాల ఇళ్లలో తాటాకు ప్రతులు, దానపత్రాలు ఉంటే చెదల పాలు కాకముందే నిపుణులకు చూపించడం అవసరం. శిష్య పరంపరకు మాత్రం లిఖిత సాక్ష్యం ఉంది. మార్కండేయ పురాణాన్ని తెనిగించిన మారన తాను తిక్కన శిష్యుడినని స్వయంగా చెప్పుకున్నారు.