జనరల్ స్మట్సు

1870లో కేప్ కాలనీలో జన్మించిన స్మట్సు కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రము చదివెను. బోయరు యుద్ధమున ఆంగ్లేయులతో పోరాడి, పిమ్మట వారికే ఆప్తుడయ్యెను. గాంధీజీని చెరసాలలో నుంచినవాడును, ఆయన కుట్టి యిచ్చిన చెప్పులను ఏండ్ల తరబడి తొడిగినవాడును ఇతడే.

1945లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక పీఠికలో మానవుల మౌలిక హక్కుల ప్రస్తావన చేర్చుటకు పాటుపడినదియు ఇతడే. ఆ మానవులలో తన దేశపు నల్లవారును భారతీయులును లేరు కాబోలు! మరుసటి యేడే భారతీయులు భూములు కొనుటను కట్టడిచేయు చట్టము తెచ్చెను. భారతదేశము సమితిలో ఫిర్యాదు చేయగా, విజయలక్ష్మీ పండిట్ వాదించెను. ఇది తమ యింటి వ్యవహారమని స్మట్సు అడ్డుపడెను. నల్లపిల్లలకు వేరు బడులు గల అమెరికాయు, బ్రిటనును ఆయన పక్షముననే వోటు వేసినవి. అయినను 1946 డిసెంబరు 8న 32 వోట్లకు 15 వోట్లతో తీర్మానము నెగ్గెను.

1948 ఎన్నికలలో, అంతకంటె కరకు వర్ణవివక్షను కోరిన మలాను పక్షము చేతిలో ఓడి, తన స్థానమును సైతము కోల్పోయి, 1950లో మరణించెను.