వృద్ధుల మంచం ప్రక్కన ఫ్లారెన్స్ నైటింగేల్



ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు వినని ఇల్లు మన సంఘాలలో ఉండదు. ట్రైనింగ్ పూర్తిచేసి బడిలో చేరిన నాటినుండి నేను ఆమె పాఠాన్ని ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. చేతిలో దీపం, వరుసగా మంచాలు, గాయపడిన సిపాయిలు. పాఠం అక్కడితో అయిపోయేది. ఆమె ఆ యుద్ధం నుండి తిరిగి వచ్చింది 1856లో, కన్నుమూసింది 1910లో. మధ్యనున్న 54 ఏళ్ళను గూర్చి నేను పిల్లలకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. నాకు తెలిస్తే గదా! మా అమ్మగారు మంచం పట్టిన తరువాతనే ఆ మిగిలిన జీవితం చదివాను. చదివాక తెలిసింది, ఈమె పరిచర్య మొదలైందీ ముగిసిందీ ముసలివారి మంచం ప్రక్కనేనని.

1820 మే 12న ఇటలీ దేశంలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టింది గనుక ఆ పేరే పెట్టారు. తల్లిదండ్రులు కలిగినవారు. ఇంగ్లండులో రెండు పెద్ద బంగళాలు, బండ్లు, నౌకర్లు. కుమార్తెకు తండ్రి విలియం తానే దగ్గర కూర్చొని గ్రీకు, లాటిను, లెక్కలు నేర్పాడు. పదహారేళ్ళ వయసులో, 1837 ఫిబ్రవరి 7న, దేవుడు తనను సేవకు పిలిచాడని ఆమెకు తోచింది. ఏ సేవకో మాత్రం తెలియలేదు. అది తెలియడానికి ఏళ్ళు పట్టింది.

1845లో నాయనమ్మకు జబ్బు చేసింది. ఫ్లారెన్స్ వెళ్ళి దగ్గరుండి చూసుకొన్నది, నాయనమ్మ కోలుకొన్నది. వెంటనే, తమ ఇంట ఎంతోకాలంగా పనిచేసిన ముసలి దాది మంచం పట్టింది. ఆమెకు కూడా చివరి ఘడియ వరకు ఫ్లారెన్సే సేవ చేసింది. ఒకరు లేచి తిరిగారు, ఒకరు వెళ్ళిపోయారు. ఆ ఏడే ఆస్పత్రిలో పని నేర్చుకొంటానని ఇంట్లో అడిగింది. తల్లి ఫ్యానీ మండిపడింది. ఆ దినాలలో నర్సు అంటే త్రాగుబోతు, గతిలేనిది అని పేరు. పెద్దింటి ఆడపిల్ల నోట రావలసిన మాటేనా అని ఇల్లంతా గొడవ. ఇంకా అయిదారేళ్ళు ఓర్చుకొని, 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో పాస్టర్ ఫ్లీడ్నర్ గారు నడిపే డీకనెస్సుల ఆస్పత్రిలో మూడు నెలలు పని నేర్చుకొన్నది.

యుద్ధం సంగతి అందరికీ తెలిసినదే. 1854 నవంబరులో 38 మంది నర్సులతో స్కుటారి చేరింది. ఆ యుద్ధకాలంలో పట్టుకొన్న జ్వరం ఆమెను మళ్ళీ పూర్తిగా విడిచిపెట్టలేదు. 1857 తరువాత చాలా ఏళ్ళు మంచం మీదనుండే ఉత్తరాలూ నివేదికలూ వ్రాసింది. కాబట్టి రోగి బాధ ఆమెకు పుస్తకంలో చదివిన విషయం కాదు.

ఆ మంచం మీదనుండే 1860లో నర్సింగును గూర్చి ఒక చిన్న పుస్తకం వెలువరించింది. ఆ ఏడే లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఆమె పేరున నర్సుల బడి తెరిచారు. ఆ పుస్తకంలో మందుల మాట తక్కువ. గాలి, వెలుతురు, శుభ్రత, వేళకు ఆహారం, నిశ్శబ్దం, ఇవీ విషయాలు. రోగి తల తిప్పి చూడవలసిన చోట నిలబడి మాట్లాడవద్దంటుంది. గది బయట గుసగుసలు పోవద్దంటుంది. లేచి తిరుగుతావులే అని ఊరికే ఆశలు పెట్టేవారిని చూస్తే ఆమెకు ఒళ్ళు మంట. నీరసించిన మనిషికి తెల్లవారుజామున కాళ్ళు చల్లబడతాయి, చేత్తో తాకి చూడాలి, వేడినీళ్ళ సీసా పెట్టాలి అని చెప్తుంది. చాలాకాలం మంచాన ఉన్నవారికి ఒక చిన్న పెంపుడు జంతువు మంచి తోడు అని కూడా వ్రాసింది.

పడకపుండు పడితే ఆ తప్పు సాధారణంగా రోగానిది కాదు, చూసేవారిదే అన్నది ఆమె తీర్పు. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మా అమ్మగారికి నడుము దగ్గర పుండు పడితే వయసు మీద పడింది గనుక వచ్చిందనుకొన్నాము. సంఘంలోని ఒక నర్సమ్మ ఇంటికి వచ్చి, దుప్పటి ముడతలు సరిచేసి, రెండు గంటలకొకసారి ప్రక్కకు ఎలా తిప్పాలో నా భార్యకూ నాకూ చేసి చూపింది. మేము ప్రేమ లేకుండా చూడలేదు. పని తెలియక చూశాము.

ఇక వర్క్‌హౌసుల సంగతి. పనిచేయలేని బీదలనూ దిక్కులేని ముసలివారినీ ఆనాటి ఇంగ్లండులో ఈ వర్క్‌హౌసులలో పడవేసేవారు. వాటిలో జబ్బుపడిన వారికి సేవచేసేది అక్కడే ఉండే బీద స్త్రీలు. వారిలో చాలామంది తామే ముసలివారు. మందుసీసా మీద వ్రాత చదవలేనివారు, రోగికిచ్చిన సారా తామే త్రాగేవారు ఉండేవారు. లివర్‌పూల్ వర్తకుడు విలియం రాత్‌బోన్ 1859లో తన భార్య చివరి జబ్బులో నర్సు చేసిన మేలు చూసి, ఆ నర్సునే బీదల ఇండ్లకు పంపాడు. ఇంటింటికి వెళ్ళే నర్సుల ఏర్పాటు అలా మొదలైంది. తరువాత అతడు తమ ఊరి వర్క్‌హౌసు ఆస్పత్రికి శిక్షణ పొందిన నర్సులు కావాలని 1864లో నైటింగేల్‌కు వ్రాశాడు. ఖర్చు తాను పెట్టుకొంటానన్నాడు.

వెయ్యి మందికి పైగా రోగులున్న ఆ చోటికి 1865లో ఆగ్నెస్ జోన్స్ అనే యువతి వెళ్ళింది. ఐర్లండు కుటుంబపు పిల్ల, గొప్ప భక్తిపరురాలు, నైటింగేల్ బడిలో నేర్చుకొన్నది. వెంట 12 మంది నర్సులు. మూడేళ్ళలో ఆ వార్డుల రూపు మార్చింది. 1868 ఫిబ్రవరిలో టైఫస్ జ్వరం సోకి 35 ఏళ్ళకే చనిపోయింది. నైటింగేల్ దుఃఖించి ఊరుకొనలేదు. ఆగ్నెస్ జీవితం ఒక పత్రికలో వ్రాసి, ఆ స్థానానికి యువతులు రావాలని పిలిచింది. జబ్బుపడినవారినీ ఇక నయంకాని వారినీ వర్క్‌హౌసునుండి వేరుచేసి, సరైన నర్సులను పెట్టాలని ప్రభుత్వం వెంటబడింది. 1867లో లండన్ నగరం మట్టుకు ఒక చట్టం వచ్చింది. ఆమె అడిగినదంతా అందులో రాలేదు. నయం కానివారికి నర్సెందుకు అనే మాట ఈ రోజుకూ మనం వింటున్నదే గదా.

యానాం, గోదావరి ప్రాంతాల నుండి వచ్చిన వారికి ఇక్కడ ఒక మాట. ఆమె ఇండియాకు ఎన్నడూ రాలేదు. అయినా మన కాటన్ దొరగారితో ఉత్తరాలు నడిపి, కాలువలు త్రవ్వితే కరువు తప్పుతుందని ఆయన పక్షాన వాదించింది.

1874లో తండ్రి పోయాడు. తల్లికి చూపు పోయింది, జ్ఞాపకం చెదిరింది. కూతురు నర్సు కావడం పరువు తక్కువ అన్న ఆ తల్లి దగ్గరే, తన ఒంట్లో బాగులేకపోయినా, ఏటా నెలల తరబడి ఉండి చూసుకొన్నది. తల్లి 1880లో తొంభై దాటి వెళ్ళిపోయింది. కీళ్ళ జబ్బుతో కదలలేకపోయిన అక్క పార్థెనోపీకి కూడా ఇలాగే తోడుగా నిలిచింది. ఆ అక్కగారు 1890లో చనిపోయింది. ఆ రోజు సరిగ్గా మే 12.

తన వంతు వచ్చేసరికి ఆమె అంత సులువుగా లొంగలేదు. నర్సును పెట్టుకోవడానికి మొదట ఒప్పుకోలేదు. 1901 నాటికి చూపు దాదాపు పోయింది, మెల్లగా జ్ఞాపకమూ పోయింది. 1907లో రాజుగారు ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే బిరుదు ఇచ్చారు. అంతకుముందు ఏ స్త్రీకీ ఇవ్వని బిరుదు అది. ఇంటికి తెచ్చి ఇచ్చినప్పుడు సంగతి ఏమిటో ఆమెకు సరిగా తెలియలేదు. అన్నీ మరచిపోయినా చేతులు మాత్రం పని మరచిపోలేదు. రాత్రి నర్సు వచ్చి దుప్పటి కప్పి, అంచులు సర్ది, తన గదిలోకి వెళ్ళి పడుకొనేది. అప్పుడు ఈ ముసలమ్మ మెల్లగా లేచి, ప్రక్క గదిలోకి వెళ్ళి, ఆ నర్సుకు దుప్పటి సర్ది కప్పి వచ్చేది.

1910 ఆగస్టు 13న తొంభయ్యవ ఏట నిద్రలోనే పోయింది. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో సమాధి చేస్తామన్నారు. ఆమె కోరిక వేరుగా ఉండటం వలన బంధువులు ఒప్పుకోలేదు. ఈస్ట్ వెల్లో అనే పల్లెలో, గుడి ఆవరణలో, తల్లిదండ్రుల ప్రక్కనే పూడ్చిపెట్టారు. ఆరుగురు సార్జెంట్లు పెట్టెను మోశారు. రాతి మీద ఆమె పేరు లేదు. ఎఫ్.ఎన్. అని రెండు అక్షరాలు, పుట్టిన ఏడు, పోయిన ఏడు.