నలభై ఎనిమిదేళ్లకు విమానాల్లోకి!

చేతిలో మెకానికల్ ఇంజినీరింగ్ డిగ్రీ. చేస్తున్న పనేమో వేరే. మీ సీనియర్లలో ఇలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో ఓసారి లెక్కపెట్టండి. అమెరికాకు చెందిన విలియం పైపర్ కూడా చాలాకాలం ఆ లిస్టులోనే ఉన్నారు. ట్రైనింగ్‌కీ, సొంత ప్రయాణాలకీ వాడే సింగిల్ ఇంజిన్ విమానాల మీద కనిపించే ‘పైపర్’ పేరు ఆయనదే.

పుట్టింది 1881లో. హార్వర్డ్‌లో 1903లో డిగ్రీ పూర్తిచేశారు. తర్వాత పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో చమురు వ్యాపారం చేసుకున్నారు. అదే ఊళ్లో గిల్బర్ట్ టేలర్ అనే డిజైనర్ విమానాల కంపెనీ నడిపేవారు. 1929లో పైపర్ అందులో కొంత డబ్బు పెట్టారు. మాంద్యం దెబ్బకి కంపెనీ దివాలా తీసింది. ఆస్తుల్ని పైపరే 761 డాలర్లకు కొనేశారు. టేలర్‌ని మాత్రం వదులుకోలేదు.

ఇద్దరు కూర్చునే చిన్న, చవక విమానం చేయాలన్నది ప్లాన్. పేరు ‘కబ్’. మొదట బిగించిన 20 హార్స్‌పవర్ ఇంజిన్‌తో అది నేల విడిచి సరిగా లేవనే లేదు! 37 హార్స్‌పవర్ ఇంజిన్ దొరికాక గానీ దారిలో పడలేదు.

ఇక్కడే మీలాంటి ఓ కుర్రాడు వస్తాడు. కొత్తగా కాలేజీ నుంచి వచ్చిన వాల్టర్ జామునో. టేలర్ జబ్బుపడి రాలేనప్పుడు, కబ్ రెక్కల అంచుల్ని గుండ్రంగా మార్చి, ఆకారాన్ని కాస్త చక్కదిద్దాడు. తిరిగొచ్చిన టేలర్‌కి ఒళ్లు మండి, కుర్రాణ్ని ఉద్యోగంలోంచి తీసేశారు. పైపర్ ఎవరి పక్కన నిలబడ్డారంటారా? టేలర్ వాటా కొనేసి ఆయన్ని పంపించారు, జామునోని వెనక్కి పిలిచారు. సొంత డిజైన్‌ని వదిలేసి వెళ్లాల్సి రావడం టేలర్‌కి అన్యాయమేనని నాకనిపిస్తుంది. కానీ పైపర్‌కి అమ్ముడయ్యే విమానం కావాలి.

1937లో ఫ్యాక్టరీ తగలబడింది. లాక్ హేవెన్‌లో మూతపడ్డ పట్టు మిల్లులోకి మకాం మార్చి, కంపెనీకి తన పేరు పెట్టారు. అక్కడ తయారైన పసుపురంగు జే-3 కబ్ ధర సుమారు వెయ్యి డాలర్లు. యుద్ధానికి ముందు అమెరికా ప్రభుత్వం పౌరులకు పైలట్ శిక్షణ మొదలుపెడితే, నేర్చుకున్నవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది కబ్‌లోనే నేర్చుకున్నారు. పైపర్ స్వయంగా విమానం నడపడం నేర్చుకునేసరికి ఆయనకు అరవై!

యుద్ధం తర్వాత మార్కెట్ ఒక్కసారిగా పడిపోయింది. కంపెనీ తట్టుకుని నిలబడింది. 1960లో, అంతా లోహంతో చేసిన చెరోకీ ఎగిరింది. 1967లో దాన్నుంచే చక్రాలు లోపలికి ముడుచుకునే ‘యారో’ వచ్చింది. ల్యాండింగ్‌కి ముందు పైలట్ మర్చిపోయినా, వేగం తగ్గితే చక్రాలు వాటంతటవే దిగే ఏర్పాటు అందులో ఉండేది.

పైపర్ 1970లో కన్నుమూశారు. 1977లో వచ్చిన 200 హార్స్‌పవర్ టర్బో యారోని ఆయన చూడలేదు. పైకెళ్లేకొద్దీ గాలి పలచబడి మామూలు ఇంజిన్ నీరసపడుతుంది. 18,000 అడుగుల దగ్గర గాలి ఒత్తిడి నేలమీద ఉన్నదాంట్లో సగమే. టర్బోచార్జర్ ఇంజిన్ వదిలే పొగ వేగంతోనే తిరుగుతూ, బయటి గాలిని నొక్కి లోపలికి పంపి ఆ లోటు పూడుస్తుంది. అయితే టర్బో యారోలో కింద టేకాఫ్ చేసేటప్పుడు థ్రాటిల్‌ని చివరిదాకా తోసేస్తే ఒత్తిడి హద్దు దాటిపోతుంది. గేజ్ మీద కన్నేసి, మెల్లగా తోయాల్సిందే.