డాన్ ఎస్ట్రిడ్జ్

ఫిలిప్ డొనాల్డ్ ఎస్ట్రిడ్జ్ 1937లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, జాక్సన్‌విల్ నగరంలో జన్మించాడు. అందరూ ఆయనను డాన్ అని పిలిచేవారు. 1959లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టా పొంది, ఐ.బి.ఎం. సంస్థలో చేరాడు.

ఆ రోజుల్లో ఐ.బి.ఎం. కంప్యూటరంటే గదినిండా పట్టే యంత్రం. 1980లో, బల్లమీద ఇమిడే చిన్న కంప్యూటరును ఒక్క ఏడాదిలో తయారుచేసే బాధ్యత ఎస్ట్రిడ్జ్ మీద పడింది. బోకా రాటన్ పట్టణంలో కొద్దిమంది ఇంజనీర్లతో ఆయన పని సాగించాడు. అన్నీ సొంతంగా చేయాలంటే ఏడాది చాలదు. అందుచేత బజారులో దొరికే భాగాలనే వాడారు. ప్రాసెసరు ఇంటెల్‌ది, డాస్ మైక్రోసాఫ్ట్‌ది. 1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. పి.సి. వెలువడింది. ప్రారంభ ధర 1,565 డాలర్లు. అంతేకాదు, దాని సర్క్యూట్ పటాలనూ, బయాస్ అనే ప్రోగ్రాం మొత్తాన్నీ పుస్తకంగా అచ్చువేసి అమ్మారు. ఇతరులు ఆ యంత్రానికి తగిన పరికరాలు, ప్రోగ్రాములు తయారుచేయాలని వారి ఉద్దేశం. అంత పెద్ద సంస్థ అలా చేయడం సాహసమే.

బయాస్ అంటే ఏమిటి? మీట నొక్కగానే మొదట మేలుకొనే ప్రోగ్రాం అది. చిప్పులో శాశ్వతంగా నిలిచి ఉంటుంది. ఒకవైపు కీబోర్డు, తెర, డిస్కు. మరొకవైపు మనం వాడే ప్రోగ్రాములు. నడుమ ఇది దుబాసీ వంటిది. మిగిలిన భాగాలను ఎవరైనా కొనవచ్చు. కాని దుబాసీ అదే తీరుగా బదులివ్వకపోతే, ఐ.బి.ఎం. కోసం రాసిన ప్రోగ్రాములు వేరే యంత్రంలో సరిగా నడవవు. అచ్చులో అందరికీ కనిపిస్తున్నా దానిపై హక్కు ఐ.బి.ఎం.దే. ఎత్తిరాసుకొన్న కంపెనీలపై ఆ సంస్థ దావా వేసింది.

1982లో హ్యూస్టన్ నగరంలో పుట్టిన కంపాక్ సంస్థ మరో దారి తొక్కింది. కొందరు ఆ బయాస్‌ను చదివి, అది ఏయే పనులు చేస్తుందో మాత్రమే రాసి ఇచ్చారు. దానిని ఎన్నడూ చూడని మరికొందరు, ఆ వివరాలను బట్టి కొత్త ప్రోగ్రాం రాశారు. పని అదే, రాత వేరు. చట్టానికి చిక్కలేదు. 1983లో కంపాక్ అమ్మకాలు 11 కోట్ల డాలర్లు దాటాయి. మరుసటి ఏడాది ఫీనిక్స్ అనే సంస్థ ఇటువంటి బయాస్‌నే తయారుచేసి, కోరిన కంపెనీలకెల్లా అమ్మసాగింది. ఇక నకలు యంత్రాలు వెల్లువెత్తాయి, ధరలు దిగివచ్చాయి.

ఇంటిగుట్టు బయటపెట్టి ఎస్ట్రిడ్జ్ పొరపాటు చేశాడనేవారు ఉన్నారు. కాని తలుపులు మూసి ఉంటే ఆ యంత్రానికి అన్ని ప్రోగ్రాములు వచ్చేవా? దానికి నకలు చేయాలన్న కోరికైనా ఎవరికీ పుట్టేది కాదు.

యాపిల్ సంస్థ స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ జాబ్స్ పెద్ద పదవి ఇస్తానన్నా ఆయన ఐ.బి.ఎం.ను విడువలేదు. 1985 ఆగస్టు 2న డల్లాస్‌లో దిగబోతున్న విమానం ఒకటి పెనుగాలికి చిక్కి కూలిపోయింది. అందులో ఉన్న ఎస్ట్రిడ్జ్, ఆయన భార్య ఇద్దరూ మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 48 ఏళ్లు. ఇరవై ఏళ్ల తరువాత, 2005లో, ఐ.బి.ఎం. తన పి.సి. వ్యాపారాన్ని చైనాకు చెందిన లెనోవో సంస్థకు అమ్మివేసింది.