శిలలను చదివిన స్వాతంత్ర్య పితామహుడు

బ్రెజిల్ దేశీయులు స్వాతంత్ర్య పితామహుడని గౌరవించే జోసె బొనిఫాసియో ద అంద్రాద, రాజనీతిజ్ఞుడు కాకముందు ప్రఖ్యాత ఖనిజశాస్త్రవేత్త. ఆ మహనీయుని జీవితాన్ని విద్యార్థి లోకానికి సంగ్రహంగా పరిచయం చేయదలచాము.

ఆయన 1763లో సాంతోస్ రేవుపట్టణంలో జన్మించారు. పోర్చుగల్‌లోని కోయింబ్రా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రమూ, ప్రకృతిశాస్త్రాలూ అభ్యసించారు. 1790లో విజ్ఞానయాత్రకు బయలుదేరి దాదాపు పదేళ్ళు యూరప్ గనులను పరిశీలించారు. ఫ్రైబర్గ్ గనుల విద్యాలయంలో వెర్నర్ పండితునికి శిష్యులైనారు. స్వీడన్‌లో స్టాక్‌హోమ్ సమీపాన గల ఊటో ద్వీపపు గనులలో లభించిన రెండు కొత్త ఖనిజాలను 1800లో లోకానికి వెల్లడించారు. అవే పెటలైట్, స్పాడ్యుమీన్.

ఈ ఖనిజాల పుట్టుక విచిత్రమైనది. భూగర్భంలో గ్రానైట్ శిలాద్రవం చల్లారేటప్పుడు సాధారణ ఖనిజాలు ముందుగా స్ఫటికాలవుతాయి. వాటిలో ఇమడని అరుదైన మూలకాలు నీటితో కలిసి చివరి ద్రవంలో మిగులుతాయి. ఆ శేషద్రవం రాతి పగుళ్ళలో చేరి, పెద్ద పెద్ద స్ఫటికాలుగా గడ్డకట్టగా ఏర్పడేదే పెగ్మటైట్. మన గూడూరు ప్రాంతపు అభ్రకం కూడా పెగ్మటైట్ శిలలలోనిదే.

1817లో బెర్జీలియస్ ప్రయోగశాలలో ఆర్ఫ్‌వెడ్‌సన్ అనే యువకుడు పెటలైట్‌ను విశ్లేషించాడు. భాగాలన్నీ కూడినా మొత్తం నూటికి తక్కువే వచ్చింది. ఆ కొరతను పొరపాటని తోసిపుచ్చక వెదకగా, కొత్త మూలకం బయటపడింది. రాతిలో దొరికినందున దానికి లిథియం అని పేరుపెట్టారు. నేటి బ్యాటరీలకు కావలసిన లిథియానికి స్పాడ్యుమీన్ ఒక ముఖ్య ఆధారం.

బొనిఫాసియో 1819లో స్వదేశానికి తిరిగివచ్చారు. 1822లో మంత్రిపదవి చేపట్టి, ఆ ఏటనే సిద్ధించిన బ్రెజిల్ స్వాతంత్ర్యానికి సారథ్యం వహించారు. బానిసల వ్యాపారాన్ని నిలిపి, బానిసత్వాన్ని క్రమంగా తొలగించాలని 1823 నాటి రాజ్యాంగసభకు నివేదిక సిద్ధం చేశారు. అది చర్చకు రాకముందే చక్రవర్తి సభను రద్దుచేశారు. బొనిఫాసియోకు ప్రవాసం ప్రాప్తించింది. 1825లో ఆ నివేదిక పారిస్‌లో అచ్చయింది. 1838లో ఆయన కన్నుమూశారు. సరిగా యాభై ఏళ్ళకు, 1888లో, బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది.

ఆయన గుర్తించిన రాతిలోని లోహాన్ని మరొకరు కనుగొన్నారు. ఆయన కోరిన ధర్మం మరొక తరంలో నెరవేరింది. ఫలం తన చేతికి అందకపోయినా సత్యాన్ని గుర్తించి చెప్పడమే పండితుని విధి. ఆండ్రడైట్ అనే ఖనిజం నేటికీ ఆయన పేరును మోస్తున్నది. మన విద్యార్థులు ఆ దీక్షను అలవరచుకోవాలని మా ఆకాంక్ష.