వాటాల సొమ్ముతో పత్రిక పెట్టిన బారిస్టరు ప్రకాశం

టంగుటూరి ప్రకాశం పంతులు అనగానే మనకు 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకు గుండె చూపిన ఘట్టమే గుర్తొస్తుంది. వెంకటమ్మనహళ్లి వైపు పాతతరం వాళ్లూ ఆయన్ను ఆంధ్రకేసరి అనే అంటారు. మేం ఇక్కడ చెప్పదలచుకున్నది మాత్రం ఆయన వకీలు వృత్తి గురించి, ఆ సంపాదన పోయిన దారి గురించి.

1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి సుబ్బమ్మ పూటకూళ్ల ఇల్లు నడిపి సాకింది. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు వెంటబెట్టుకుని రాజమండ్రికి తీసుకెళ్లి చదివించారు. అక్కడే సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా పేరూ డబ్బూ గడించారు, మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు. అయితే ఆ గ్రేడు వాళ్లకు కింది కోర్టులే గతి. హైకోర్టు తలుపు తెరుచుకోదు. అందుకే 1904లో ఇంగ్లండు వెళ్లి, బారిస్టరై, 1907లో మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. లా టైమ్స్ పత్రికకు సంపాదకత్వం వహించారు. కలెక్టర్ ఆష్ హత్య కేసులో ముద్దాయిల పక్షాన నిలబడ్డారు. అప్పట్లో అది ధైర్యం ఉన్న వకీలు చేసే పనే.

1921లో ప్రాక్టీసు వదిలేసి స్వరాజ్య పత్రిక మొదలుపెట్టారు. వాటాలు అమ్మి మూలధనం కూడగట్టారు. కంపెనీలో వాటాదారుడి నష్టం అతను పెట్టిన వాటా వరకే. నడిపేవాడు తన సొంత సొమ్ము తెచ్చి పోస్తే ఆ హద్దు అతన్ని కాపాడదు. చట్టం ఇంత తెలిసిన మనిషే కోర్టులో గడించినదంతా అందులో పోశారు. ఇంగ్లీషు, తెలుగు, తమిళాల్లో నడిచిన ఆ పత్రికలో ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటి వారు పనిచేశారు. పేరుకు కొదవ లేదు, డబ్బుకే కొదవ. చివరికి 1930ల్లో మూతపడింది.

ఆ లేమే తర్వాత ఆయన మీద మాట పడేట్టు చేసింది. ప్రజలిచ్చిన పర్సుల సొమ్ము సొంతానికి వాడుకున్నారని 1946లో గాంధీజీయే తప్పుపట్టారు. అభిమానులకు ఇది రుచించదు గానీ, వదిలేసి రాస్తే జీవితం సగమే అవుతుంది. మా మటుకు మాకు ఆయన లెక్కల్లో అజాగ్రత్త మనిషి, దురాశాపరుడు కారు.

అదే ఏడు మద్రాసు ముఖ్యమంత్రి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మూడువైపులా ఆంధ్ర నేలే ఉన్న మన పావగడ మైసూరులోనే ఉండిపోయింది. 1957 మే 20న హైదరాబాదులో ఆయన కన్నుమూసేనాటికి వెనకేసిన ఆస్తి లేదు.