రహీమ్ సాబ్ - ఫుట్‌బాల్ నేర్పిన బడిపంతులు

2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చిన తరువాత మన పిల్లలు కొందరు ఇళ్లలో అడగటం మొదలుపెట్టారు, ఈ రహీమ్ ఎవరు, నిజంగా ఉన్నాడా అని. ఉన్నారు. మన హైదరాబాదువారే. సినిమా సినిమాయే గనుక అందులో కొంత కల్పన ఉంటుంది. అసలు సంగతి నాలుగు మాటల్లో మన సావనీరులో ఉంటే బాగుంటుందని ఈ వ్యాసం.

జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు. వృత్తి బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలులో, చాదర్‌ఘాట్ హైస్కూలులో పాఠాలు చెప్పారు. శారీరక విద్యలో డిప్లొమా కూడా తీసుకున్నారు. స్వయంగా మంచి ఆటగాడే, ఖమర్ క్లబ్బు తరఫున ఆడారు. కాని ఆయన పేరు నిలబడింది ఆడినందుకు కాదు, ఆడించినందుకు.

1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడూ ఆయనే. బడిలో పంతులు ఎలా ఉంటారో మైదానంలోనూ అలాగే ఉండేవారు. పిల్లలకు ఆయన పెట్టిన పోటీలు వింటే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది. ఒక పోటీలో బంతిని కాలి దగ్గర పెట్టుకుని పరుగెత్తరాదు, వచ్చిన బంతిని వచ్చినట్టే తోటివాడికి అందించాలి. ఇంకొక దాంట్లో చేతకాని కాలితోనే తన్నాలి. కుడికాలివాటం పిల్లవాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో అన్నమాట. మొదట్లో నవ్వులాటగా ఉంటుంది. కొన్నాళ్లకు రెండు కాళ్లూ ఒకటే అవుతాయి. ఒక్కడే బంతి పట్టుకుని పదిమందిని దాటిపోవాలనే మోజు ఆ రోజుల్లో దేశమంతటా ఉండేది. దాన్ని ఆయన హైదరాబాదులో మాన్పించారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. 1948 తరువాతి రోజులు ఎలాంటివో మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇళ్లలో పెద్దవాళ్ల నోట విన్నవారు ఇప్పటికీ ఉన్నారు. (ఇవి మూడూ 2016 దాకా వరంగల్ జిల్లాలోని ఊళ్లే, ఆ వరంగల్ అప్పటి హైదరాబాదు రాష్ట్రంలోదే.) ఉద్యోగాలు పోయినవారు పోయారు, పాకిస్తాన్ వెళ్లినవారు వెళ్లారు. ఉన్నవారు తల వంచుకుని ఉన్నారు. సరిగ్గా ఆ రోజుల్లో, 1950లో, హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలిచింది. ఆ ఏడే డ్యూరాండ్ ఫైనల్‌లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. రోవర్స్ కప్పు ఒక ఏడు కాదు, 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు మనదే! అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ వంటి పేర్లు దేశం నాలుగు మూలలా పేపర్లలో పడ్డాయి. దాని విలువ కప్పుల లెక్కలో తేలేది కాదు.

1950 నుంచి భారత జట్టు కూడా ఆయన చేతిలోకి వచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియాడ్‌లో మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచారు. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడిపోయారు. మన ఆటగాళ్లు కొందరు ఆ చలిలో వట్టికాళ్లతో ఆడారు మరి. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లు తిరిగేసరికి అదే పంతులు, అదే దేశం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఆసియా నుంచి అంతదాకా వెళ్లిన మొదటి జట్టు మనదే. ఆ ఆటలో సెంటర్ ఫార్వర్డ్ నెవిల్ డిసౌజా మూడు గోళ్లు కొట్టాడు. చివరికి నాలుగో స్థానం వచ్చింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, సలామ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ అందరూ మన హైదరాబాదు పిల్లలు.

బలరామ్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. తులసీదాస్ బలరామ్ సికింద్రాబాదు పక్క అమ్ముగూడ పేదింటి పిల్లవాడు. రోజూ శిక్షణకు హైదరాబాదు రావాలంటే చేతిలో డబ్బులు లేవు. రహీమ్ సాబ్ సైకిలు కిరాయి ఇచ్చి రప్పించారు. ఆ పిల్లవాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోళ్లు కొట్టాడు. అదే రోమ్ జట్టులో రహీమ్ సాబ్ కన్నకొడుకు హకీమ్ కూడా ఉన్నాడు. ఒక్క ఆటలోనూ దించలేదు. ఇంట్లో ఏమనుకున్నారో గాని, మైదానంలో ఆయన లెక్క అది.

ఇక జకార్తా. 1962 ఏషియాడ్ నాటికి రహీమ్ సాబ్ ఆరోగ్యం బాగాలేదు. ఊపిరితిత్తుల క్యాన్సరు. సిగరెట్టు అలవాటు ఉండేది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. థాయ్‌లాండు మీద 4-1తో గెలిచారు గాని, వెనుక గోడలాంటి బ్యాక్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద ఆట అతను లేకుండానే 2-0తో గెలిచారు. సెమీఫైనల్‌కు ఏం చేయాలి? తలకు కట్టు ఉన్నవాణ్ణి ఎవరైనా కూర్చోబెడతారు. రహీమ్ సాబ్ మాత్రం ఆ బ్యాక్‌ను తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. మనిషి ఎత్తరి, బలశాలి, భయం ఎరగనివాడు. కాపలా కాసినవాడికి ఎదుటి కాపలాదారు ఎక్కడ తడబడతాడో తెలుసు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచారు. అందులో ఒక గోలు జర్నైల్‌దే.

ఫైనల్ సెప్టెంబరు 4న. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియాయే. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ పోటీలకు రానివ్వలేదు. దాని మీద భారత ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పటంతో ఇండోనేషియా జనం మనవాళ్ల మీద మండిపడి ఉన్నారు. స్టేడియంలో సుమారు లక్షమంది. మన జెండా కనబడితే చాలు, కేకలు. మనకు చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లేనని మన ఆటగాళ్లు ఆ తరువాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆటకు ముందు రహీమ్ సాబ్ వాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని తనకు ఒక కానుక కావాలన్నారట, రేపటి స్వర్ణం. ఆయన ఒంట్లో సంగతి వాళ్లలో ఎంతమందికి తెలుసో!

జ్వరంతో పడి ఉన్న గోల్‌కీపర్ తంగరాజ్‌ను మళ్లీ దించారు. ఇదీ సాహసమే. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ ఒక గోలు, కాసేపటికే జర్నైల్ ఇంకొకటి. కుట్లు పడ్డ తలతోనే ఆటంతా ఆడాడు. కొరియా వాళ్లు చివర్లో ఒకటి కొట్టారు గాని 2-1తో స్వర్ణం మనదే అయింది. ఆ జట్టు ముందు వరుసలో బలరామ్, యూసుఫ్ ఖాన్ ఇద్దరూ హైదరాబాదువారు. పురుషుల ఫుట్‌బాల్‌లో ఏషియాడ్ స్వర్ణం ఆ తరువాత మళ్లీ మన దేశానికి రాలేదు.

తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న రహీమ్ సాబ్ ఇంతకాల్ అయ్యారు. వయసు యాభైమూడు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు పుట్టిందే 1985లో. అప్పటికి ఆయన పోయి ఇరవైరెండేళ్లు. అల్లా ఆయనకు మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక.

1970 బ్యాంకాక్ ఏషియాడ్‌లో భారత జట్టు కంచు పతకం తెచ్చింది. శిక్షణ ఇచ్చినవాళ్లలో ఒకరు జకార్తాలో తొలి గోలు కొట్టిన పి.కె. బెనర్జీ. కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ముందు వరుసలో మహమ్మద్ హబీబ్ - ఇద్దరూ హైదరాబాదు పిల్లలే. రహీమ్ సాబ్ కన్నుమూసిన నాటికి ఆ హబీబ్‌కు ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు.